సూది విరిగేది పాట వింటున్నప్పుడు కాదు

సంక్రాంతికి ముందు ఇళ్లల్లో బూజు దులపడం మొదలైతే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఎడమ స్పీకర్ గరగరలాడుతోంది" అంటారు. రికార్డు ప్లేయర్ని ఎవరైనా గుడ్డతో తుడిచారా అని అడుగుతాను. సమాధానం దాదాపు ఎప్పుడూ ఒకటే. నేను మెకానిక్‌ని కాను. రాజమండ్రిలో పాత రికార్డులు ఏరుకునేవాళ్లలో కార్ట్రిడ్జ్, అంటే సూదిని పట్టుకుని ఉండే చిన్న డబ్బీ, బిగించే ఓపిక ఉన్నవాణ్ణి, అంతే.

ఈసారి వచ్చింది మా బావమరిది ప్లేయర్. ఆడియో టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్. మా అత్తగారు టర్కీ టవల్‌తో మూత తుడిచి, పనిలో పనిగా లోపల కూడా ఓ చుట్టు తిప్పారు. ఆ టవల్ నిండా దారపు ఉచ్చులే కదా, ఒకటి సూదికి తగులుకుంది. వాచీ రిపేరు భూతద్దంలో చూస్తే వజ్రపు మొన బాగానే ఉంది, దాని పక్కన నీలం నూలు పోగు కూడా ఉంది. కానీ మొనను మోసే సన్నటి అల్యూమినియం గొట్టం కుడివైపు ఒరిగిపోయింది. అత్తగారిని ఏమంటాం? కాఫీ ఇస్తే తాగాను.

"ట్వీజర్‌తో సర్దేద్దాం బావా" అన్నాడు వాడు. వద్దన్నాను. ఒకసారి మడతపడిన గొట్టాన్ని తిరిగి వంచితే అక్కడే పుటుక్కుమంటుంది. విరక్కుండా నిలబడినా మొన గాడిలో తిన్నగా కూర్చోదు. ఒక గోడనే గీకుతూ పోతుంది. అప్పుడు పోయేది సూది కాదు, మళ్లీ దొరకని రికార్డు. అదృష్టం ఏంటంటే ఈ మోడల్లో సూది భాగం ఒక్కటే లాగి కొత్తది తొడగొచ్చు. అదే డెనాన్ డీఎల్-103 లాంటి మూవింగ్ కాయిల్, అంటే సూదితో పాటు తీగచుట్ట కదిలే రకం కార్ట్రిడ్జ్ అయితే, సూది ఊడిరాదు. కొత్త మొన అతికే నిపుణుడికి పంపాలి, లేదా మొత్తం మార్చాలి.

పెద్దవాళ్లకి ఇంకో అలవాటు ఉంది. హెచ్ఎంవీ ఫియెస్టా రికార్డు ప్లేయర్ల రోజుల్లో సౌండ్ వస్తోందా లేదా చూడ్డానికి సూది మీద వేలు రాసేవారు. ఆ సిరామిక్ కార్ట్రిడ్జ్‌లు మొరటువి, తట్టుకున్నాయి. వీఎం95ఈ రికార్డు మీద 2 గ్రాముల బరువుతో నడిచేది. దాని మీద వేలు పెట్టకూడదు. దుమ్ము పడితే మెత్తటి పొడి బ్రష్‌తో వెనక నుంచి ముందుకి, అంటే రికార్డు కదిలే వైపుకే, మెల్లగా లాగాలి. పక్కలకి ఊపితే అత్తగారి టవల్‌కీ దానికీ తేడా ఉండదు.

గుడ్డ తర్వాత నేను ఎక్కువగా చూసిన హంతకుడు స్క్రూడ్రైవర్. కార్ట్రిడ్జ్‌లో అయస్కాంతం ఉంటుందని చాలామందికి బిగించేటప్పుడు గుర్తుండదు. ఇనుప మొన దగ్గరికి రాగానే చేతిలోంచి గుంజుకుని సూది మీద పడుతుంది. అందుకే ప్లాస్టిక్ తొడుగు వేసే ఉంచి స్క్రూలు బిగిస్తాను, సూది రికార్డు మీద మోపే బరువు చూసేటప్పుడే తీస్తాను. ఆ బరువు చూసే చిన్న త్రాసు పళ్లెం కూడా ఇనుముది కాకూడదు. మూవింగ్ కాయిల్‌ని అది కిందికి లాగేస్తుంది, అంకె కూడా తప్పు చూపిస్తుంది. ఇక వెనక పిన్నులకి నేరుగా సోల్డరింగ్ పెట్టే ధైర్యవంతులున్నారు. ఆ వేడి లోపలి సన్నటి తీగలదాకా పోతుంది. వైరు చివరి క్లిప్పు వదులైతే ట్వీజర్‌తో కాస్త నొక్కి తొడిగితే చాలు.

ఇల్లు మారేటప్పుడు మాత్రం తొడుగు ఒక్కటే సరిపోదు. కార్ట్రిడ్జ్ని మోసే చెయ్యి, అంటే టోన్ ఆర్మ్‌ని దాని స్టాండుకి మెత్తటి వైరుతో కట్టండి, దాని వెనక చివర ఉండే బరువు తీసేయండి, రికార్డు పెట్టే పళ్లెం (ప్లేటర్) విడిగా చుట్టండి. కార్ట్రిడ్జ్ బిగించి ఉండే హెడ్ షెల్ ఊడేదైతే ఊడదీసి డబ్బాలో పెట్టి మీ ఒళ్లో పెట్టుకోండి. ప్యాకర్ల కుర్రాళ్లకి మాత్రం ఇవ్వకండి.