ముళ్లతీగకు చిక్కిన వెంట్రుకలు

బెంగళూరులో ఒక జన్యు పరీక్షల ల్యాబ్‌లో నా ఉద్యోగం. మాకొచ్చేవి మనుషుల శాంపిళ్లే, లంచ్ టైంలో నేను చదివేది మాత్రం వెంట్రుకల్లోని డీఎన్ఏతో అడవి ఎలుగుబంట్లను లెక్కపెట్టడం గురించి. మారతహళ్లిలో మా ఇంటికొచ్చిన కర్నూలు అత్తయ్యకు చెబితే, "వాటి ఎంట్రుకలు ఎవరు పీకుతారే తల్లీ?" అంది.

ఎవరూ పీకక్కర్లేదు. మధ్యలో ఘాటు వాసన ఎర పెట్టి, చుట్టూ చెట్లకు మోకాలెత్తులో ముళ్లతీగ కడతారు. ఎలుగు దూరి వెళ్తుంటే నాలుగు వెంట్రుకలు చిక్కుకుంటాయి. ల్యాబ్‌కు కావలసింది వాటి కుదురు.

తిప్పలు అక్కడే మొదలు. కుదురులో డీఎన్ఏ మరీ తక్కువైతే తల్లి వైపుది కనిపించి తండ్రి వైపుది కనిపించదు. పాత ఎలుగే కొత్తదిగా లెక్కలోకొస్తుంది. అందుకే ఒకే పరీక్ష మళ్లీ మళ్లీ చేస్తారు. ఇటలీలోని అపెనైన్ ఎలుగులతో బాధ వేరు. ఉన్నవే సుమారు 50, అన్నీ దగ్గర చుట్టాలే. మార్కర్లు, అంటే డీఎన్ఏలో పోల్చి చూసే గుర్తులు, తక్కువైతే రెండు ఎలుగులు ఒకటిగా కనిపిస్తాయి.

ఫ్రాన్స్, స్పెయిన్ మధ్య ఉన్న పిరెనీస్ కొండల్లో ఇంకా విచిత్రం. 1997లో స్లొవేనియా నుంచి తెచ్చిన పిరోస్ అనే మగ ఎలుగే అక్కడి పిల్లల్లో చాలావాటికి తండ్రి అనీ, కూతుళ్లతో కూడా జత కట్టిందనీ డీఎన్ఏలో తేలింది. "మేనరికాలే నయం" అంది అత్తయ్య. కొత్త రక్తం కోసం 2016లో గోయాట్ అనే మగదాన్ని తెచ్చి వదిలారు. తర్వాత అది గుర్రాల మీద పడుతోందని రైతులు గోల పెట్టారు, అది వేరే గొడవ.