శాలిహుండం ముందు, సముద్రం తర్వాత: శ్రీకాకుళం నుంచి ఒక్కరోజు ప్రయాణం

శ్రీకాకుళం వచ్చిన చుట్టాలను తిప్పడానికి మనవాళ్ళ దగ్గర ఎప్పటినుంచో ఒక వరస ఉంది. తెల్లారి అరసవల్లి సూర్యదేవుడి గుడి, అక్కణ్ణుంచి శ్రీకూర్మం, సాయంత్రం కళింగపట్నం బీచ్. మధ్యలో వీలు చిక్కితే శాలిహుండం కొండ మీద ఓ అరగంట. ఈ వరసను మార్చుకోమని చెప్పడానికే ఇది రాస్తున్నాం. శాలిహుండానికి రెండున్నర గంటలు కేటాయించండి, అదీ బీచ్‌కి వెళ్ళేముందే. వంశధార సముద్రంలో కలిసేచోట ఒక రేవు, ఆ రేవుకి కాస్త ఎగువన నది ఒడ్డున కొండ, కొండ మీద బౌద్ధ భిక్షువులు ఉండిన ఆరామం. ఇవి మూడూ ఒకే కథ. కొండ మీద నిలబడి నది తూర్పుకి సాగిపోయే దారి చూశాక కళింగపట్నం వెళితే, అక్కడ ఊరూ రేవూ ఎందుకు వెలిశాయో ఇట్టే తెలుస్తుంది. కొండ చూడకుండా వెళితే అది మామూలు బీచే.

మొత్తం తిరుగుడు అరవై, డెబ్భై కిలోమీటర్లకు మించదు. బండి మీదైతే లీటరున్నర పెట్రోలు చాలు. దూరం తక్కువే కాబట్టి పొద్దెక్కాక బయల్దేరినా సరిపోతుందనిపిస్తుంది. అలా చేస్తేనే రోజంతా చెడుతుంది. గుళ్ళు మధ్యాహ్నం మూస్తారు. కొండ మీద నీడ తక్కువ. పదకొండు దాటాక గుడి ప్రాకారంలో రాతి పలకల మీద వట్టికాళ్ళతో నడవడం పిల్లలకీ ముసలివాళ్ళకీ నరకం. ఆరున్నరకల్లా ఊరు దాటాలి.

విజయనగరం వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. శ్రీకాకుళం రోడ్ స్టేషను శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. అక్కణ్ణుంచి టౌనుకి దాదాపు 13 కిలోమీటర్లు. బస్సో ఆటోయో పట్టుకుని ఆర్టీసీ కాంప్లెక్స్ (బస్టాండు) చేరేసరికి ముప్పావుగంట పోతుంది. ఆ ముప్పావుగంట లెక్కలో వేసుకోనివాళ్ళకు శ్రీకూర్మంలో తొందర మొదలవుతుంది. విజయనగరం నుంచి రోడ్డు మీద సుమారు 70 కిలోమీటర్లే. నలుగురైదుగురు ఉంటే కారు మాట్లాడుకోవడమే నయం, ఎందుకంటే ఆ కారే రోజంతా పనికొస్తుంది.

బస్సుల్లో తిరగాలనుకుంటే కాంప్లెక్స్ నుంచి గార, కళింగపట్నం వైపు వెళ్ళే సర్వీసులు దొరుకుతాయి. చిక్కంతా శాలిహుండం దగ్గరే. మెయిన్ రోడ్డు నుంచి కొండ దాకా బస్సుని నమ్ముకుని కూర్చోకూడదు. గారలో దిగి ఆటో మాట్లాడుకోండి. బేరం చేసేటప్పుడు రానూ పోనూ అంటే చాలదు, కొండ దగ్గర రెండు గంటలకు పైగా ఆగాలని ముందే చెప్పాలి. ఆటోవాళ్ళు అరగంటలో దిగివచ్చేవాళ్ళనే రోజూ చూస్తుంటారు, ఆ లెక్కనే కిరాయి చెబుతారు. పైన స్తూపాల మధ్య ఉండగా కింద హారన్ మోగడం మొదలైతే ఇంక చూడబుద్ధి కాదు. కొండ అయ్యాక అదే ఆటోలో కళింగపట్నం వరకూ దింపేలా మాట్లాడుకుంటే ఇంకా మేలు. మధ్య దూరం అయిదారు కిలోమీటర్లే.

ముందు శ్రీకూర్మం, అరసవల్లి చివరికి. శ్రీకూర్మం టౌను నుంచి దాదాపు 15 కిలోమీటర్లు. కూర్మావతారానికి గుడి అనగానే అందరికీ గుర్తొచ్చేది ఇదే. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, అందుకే ఇక్కడ తూర్పున ఒకటి, పడమర ఒకటి రెండు ధ్వజస్తంభాలు. దర్శనం కాగానే పులిహోర పొట్లంతో బయటికి వచ్చెయ్యకండి. మండపాల్లో స్తంభాల మీద శాసనాలు ఉన్నాయి. కళింగని ఏలిన తూర్పు గాంగ రాజుల కాలం నుంచి వందల ఏళ్ళపాటు చెక్కినవి. మధ్వాచార్యుల శిష్యుడు నరహరి తీర్థులు వేయించిన 1281 నాటి శాసనం వాటిలో ప్రసిద్ధమైనది. లిపి చదవడం రాకపోయినా అక్షరాల వరసలు పైనుంచి కిందికి ఎంత ఒద్దికగా దిగాయో చూడండి. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి చెక్కుడు లోతు కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం అదే స్తంభం నున్నటి రాయిలా ఉంటుంది. చుట్టుమంటపం గోడల మీద పాత వర్ణచిత్రాలున్నాయి. వాటిని చేత్తో తడమొద్దు. చేతి చెమటకీ నూనెకీ రంగు పొరలు ఊడిపోతాయి.

గుడిలో పెంచే నక్షత్ర తాబేళ్ళ దగ్గర పిల్లలు ఎలాగూ ఆగుతారు. డిప్ప మీద ఒక్కో గుబ్బ నడిమి నుంచి పసుపు గీతలు నలుదిక్కులకీ చీలి ఉంటాయి. ఆ గీతల వల్లే ఆ పేరు. ఎండుగడ్డిలో ఉంటే ఆ గీతలే దాన్ని కనపడకుండా చేస్తాయి. ఇది నీళ్ళ తాబేలు కాదు, మెట్టనేల మీద బతికేది. గడ్డీ ఆకులూ దీని తిండి. బిస్కెట్లు, బ్రెడ్డు, ప్రసాదం పెట్టకండి, వాటికి అరగవు. తొట్టెలోనో కోనేట్లోనో వదిలితే ఈదలేక చచ్చిపోతుంది. వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జీవి, ఇంట్లో పెంచడమూ అమ్మడమూ కొనడమూ నేరమే. గుడి ముందున్న శ్వేత పుష్కరిణిలో పెద్దల అస్థికలు కలపడానికి ఎక్కడెక్కడినుంచో వస్తారు. ఆ గట్టున ఫొటోలు దిగేముందు పక్కన ఎవరున్నారో చూసుకోవాలి.

తొమ్మిదికల్లా అక్కణ్ణుంచి కదిలితే తొమ్మిదిన్నరకి శాలిహుండం కొండ కింద ఉంటారు. ఎక్కడం పెద్ద కష్టం కాదు, కానీ మనిషికి రెండు లీటర్ల నీళ్ళు కిందనుంచే మోసుకెళ్ళాలి. పైన కొనడానికేమీ దొరకదు. టోపీ గానీ గొడుగు గానీ తప్పనిసరి. చెప్పులకంటే బూట్లు మంచివి, ఇటుక ముక్కలూ రాళ్ళూ కాలికింద జారుతుంటాయి.

ఈ స్థలాన్ని 1919లో లోకానికి చూపించినవాడు గిడుగు రామమూర్తి. వ్యావహారిక భాష కోసం పోరాడినాయనే, సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ళకు చదువు చెప్పినాయనే. ఆయన పుట్టిన పర్వతాలపేట కూడా వంశధార తీరమే. మన జిల్లా పిల్లలకి ఈ సంగతి బళ్ళో చెప్పకపోతే ఈ కొండ మీదైనా చెప్పాలి. తర్వాత పురావస్తు శాఖ తవ్వకాల్లో స్తూపాలు, చైత్యగృహాలు (బౌద్ధుల పూజా మందిరాలు), ధాతువులు అంటే పవిత్ర అవశేషాలు దాచిన రాతి భరిణెలు బయటపడ్డాయి. క్రీస్తుకు ముందు నుంచీ పన్నెండో శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం నిలిచిందని పండితుల అంచనా. బౌద్ధంలోని శాఖలు హీనయానం, మహాయానం, వజ్రయానం మూడూ ఈ ఒక్క కొండ మీద వరసగా నడిచాయి. బౌద్ధ దేవతలు తార, మారీచి విగ్రహాలు చివరి దశవి. చిన్న మ్యూజియం కూడా ఉంది. తెరిచి ఉంటే ముందు అందులోకి వెళ్ళి విగ్రహాలు చూసి, ఆ తర్వాత కొండెక్కండి. పైన కనిపించేవి ఎక్కువగా పునాదులే. వాటిలో ఏమేం నిలబెట్టారో బుర్రలో ఒక బొమ్మ ఉంటే ఆ పునాదులు పలుకుతాయి.

అన్నిటికంటే ఎక్కువసేపు ఉండాల్సింది స్వస్తిక ఉన్న స్తూపం దగ్గర. స్తూపం పైభాగం పోయింది కాబట్టి దాని కడుపు కనిపిస్తుంది: గుండ్రటి ఇటుక గోడ, లోపల స్వస్తిక ఆకారంలో అడ్డుగోడలు. ఇది అలంకారమే అయితే లోపల దాచిపెట్టక్కర్లేదు. ఇలాంటి స్తూపాల్లో అడ్డుగోడలు కట్టి, మధ్య గదుల్ని మట్టితో నింపి, పైన అండం, అంటే గుండ్రటి గుమ్మటం, కప్పేవారు. మొత్తం ఇటుకతోనే నింపితే ఖర్చెక్కువ. ఉత్త మట్టి పోస్తే వానకి ఉబ్బి, చుట్టూ ఉన్న గోడని బయటికి నెట్టేస్తుంది. అడ్డుగోడలుంటే ఆ ఒత్తిడి పంచుకుంటాయి. బండి చక్రంలో నడిమి నుంచి అంచుకి పోయే ఆకుల్లా గోడలు కట్టిన స్తూపాలు కూడా ఆంధ్ర దేశంలో ఇందుకే కనిపిస్తాయి. మేస్త్రీ పనిలో ఉన్నవాళ్ళు ఎవరైనా మీతో వస్తే వాళ్ళని ఇక్కడ మాట్లాడనివ్వండి. ఇటుక కొలత చూడగానే అది ఇప్పటి అచ్చు కాదని వాళ్ళే చెబుతారు. వెనక భాగం గుర్రపు నాడాలా వంపు తిరిగిన పునాదులు చైత్యగృహాలవి. గోడల మీదికి ఎక్కి నడవకండి. పైవరస ఇటుక ఒకటి కదిలితే ఆ సందులో వాన నీళ్ళు దిగి కింది వరసలు పోతాయి.

తవ్వకాల్లో దొరికిన పెంకుల్లో, లోపలివైపు సన్నటి చుక్కల వరసలు గుండ్రంగా అచ్చుపడ్డ రకం ఒకటుంది. అలాంటి పెంకులు తూర్పు తీరం పొడవునా పాత రేవుల దగ్గర దొరుకుతాయి, సముద్ర వర్తకానికి గుర్తుగా వాటిని తీసుకుంటారు. అంచు దగ్గరికి వచ్చి కింద వంశధారని చూడాల్సింది ఇప్పుడు. ఓడ సరుకు నది మీదుగా లోపలికి రావడానికీ, వర్తకుల దానాలతో ఆరామం బతకడానికీ ఇంతకంటే అనువైన చోటు ఏముంటుంది?

పన్నెండుకి దిగిపోండి. భోజనం కట్టుకెళ్ళడమే మంచిది. పులిహోర, దద్ధోజనం, ఆవకాయ. పెరుగన్నంలో పెరుగు తక్కువ, పాలు ఎక్కువ పోసి కలిపితే మధ్యాహ్నానికి పులవదు. ఏప్రిల్, మే నెలల్లో దారి పొడవునా తాటి ముంజెలు దొరుకుతాయి. అప్పటికప్పుడు కొట్టించుకునే తినాలి, ఒలిచి ఎండలో పెట్టినవి వద్దు. తిన్నాక మూడు గంటల దాకా కళింగపట్నంలో సరుగుడు చెట్ల నీడన గడపొచ్చు.

కళింగపట్నం పాత రేవు, లైట్‌హౌస్ ఉన్న ఊరు. బ్రిటిష్ వాళ్ళ కాలంలోనూ ఓడలు వచ్చేవి. మదీనా సాహెబ్ దర్గా కూడా ఇక్కడే. బీచ్ పొడుగ్గా, శుభ్రంగా ఉంటుంది, కానీ స్నానానికి నమ్మదగ్గది కాదు. ముఖ్యంగా వంశధార కలిసేచోట దిగనే దిగకండి. వరదకి ఇసుక దిబ్బలు జరుగుతుంటాయి, నిరుడు మోకాలి లోతున్నచోట ఈ ఏడు నిలువెత్తు ఉండొచ్చు. ఆటు సమయంలో నది నీరూ సముద్రపు నీరూ కలిసి బయటికి లాగుతాయి, ఈత వచ్చినవాళ్ళు కూడా నిలవలేరు. ఎప్పుడు ఎక్కడ దిగొచ్చో వల బాగుచేసుకుంటున్న మత్స్యకారులని అడగండి, వాళ్ళు వద్దంటే వద్దు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రుళ్ళు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్ల కోసం కంచె వేసిన చోట్లు కనిపిస్తే దాటకండి. చీకటి పడ్డాక టార్చి, ఫోను లైటు వెయ్యకండి. తాబేలు పిల్లలు వెలుగు వైపే పాకుతాయి, లైటుని సముద్రం మీది వెలుతురనుకుని ఊరి వైపు వచ్చేస్తాయి.

నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా ఈ ప్రయాణానికి మంచి కాలం. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా బయల్దేరేముందు తుఫాను హెచ్చరిక చూసుకోవాలి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నానికి దగ్గర్లోనే తీరం దాటింది. ఆదివారం వద్దు. సూర్యుడి వారం కాబట్టి అరసవల్లిలో క్యూ చాంతాడంత ఉంటుంది, రథసప్తమి సంగతి చెప్పనే అక్కర్లేదు.

అరసవల్లిని చివరికి పెట్టింది కూడా అందుకే. టౌనుకి ఆనుకునే ఉంటుంది, తిరుగు దారిలో సాయంత్రం దర్శనం దొరుకుతుంది. కిరణాలు చూడాలనుకునేవాళ్ళకి మాత్రం ఈ వరస పనికిరాదు. మార్చి 9 ప్రాంతంలోనూ, అక్టోబరు మొదటి రెండు మూడు రోజుల్లోనూ ఉదయించే సూర్యుడి కిరణాలు తిన్నగా స్వామి పాదాలను తాకుతాయి. ఉత్తరానికి వెళ్ళేటప్పుడు ఒకసారి, దక్షిణానికి మళ్ళేటప్పుడు ఇంకోసారి సూర్యుడు ఆకాశపు అంచున ఇంచుమించు ఒకే చోట ఉదయిస్తాడు, ఏడాదికి రెండుసార్లు వచ్చేది అందుకే. ఉండేది కొద్ది నిమిషాలు. ఆ రోజుల్లో తెల్లారకముందే క్యూలో ఉండాలి. అక్టోబరులో మబ్బు పడితే ఏమీ కనపడదు కాబట్టి ఒక్కసారికే రాగలిగినవాళ్ళు మార్చికి రండి.