గంటస్తంభం దగ్గర ఇంగ్లిష్ పుస్తకాలు

ఆదివారం, రాత్రి పదిన్నర.

సంక్రాంతి వెళ్లి వారం కాలేదు. డబ్బా అడుగున ఇంకా నాలుగు అరిసెలు మిగిలాయి. పండగ నాలుగు రోజులూ పుస్తకం ముట్టని మా అమ్మాయి పొద్దున్నే లేచి, "అమ్మా, ఇవాళైనా పుస్తకాల కొట్టుకు వెళ్దామా?" అంది. డిసెంబరు నుంచి వాయిదా వేస్తున్నది నేనే. బడి పని ఎక్కువగా ఉందని చెప్పుకుంటూ వచ్చాను గానీ అసలు సంగతి భయం. ఇరవై రెండేళ్లుగా హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. సంధులూ సమాసాలూ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఇంగ్లిష్ వ్యాకరణ పుస్తకాల అర ముందు నిలబడి ఏది మంచిదో తేల్చమంటే మాత్రం నోరు ఎండిపోతుంది.

అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, సీఈసీ. రాయబోయేది సీయూఈటీ. ఈ పేరు మా వీధిలో ఎవరి నోటికీ పట్టుబడలేదు. "ఎంసెట్టే కదమ్మా?" అంటారు ఎదురింటి పిన్నిగారు. కాదండీ, కేంద్ర విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీట్లకు 2022 నుంచి పెడుతున్న పరీక్ష అని చెబితే, "అయితే లెక్కలుండవా?" అని అడిగి పాపం నిరాశపడ్డారు. లెక్కలు తప్పనిసరి కాని పరీక్షకు ఇంత హడావుడి ఎందుకని ఆవిడ ముఖంలోనే రాసి ఉంది.

బయలుదేరే ముందు నేను చేసిన తెలివైన పని ఒక్కటే. నిన్న రాత్రి ఇంగ్లిష్ నమూనా పేపరు ఒకటి దాని చేత గడియారం పెట్టి రాయించాను. 50 ప్రశ్నలు, 60 నిమిషాలు. ఒప్పుకు 5 మార్కులు, తప్పుకు 1 కోత. 31 ఒప్పు, 14 తప్పు, 5 వదిలేసింది. అంటే 155లో 14 పోగా 141, మొత్తం 250కి. "చూశావా, నాకు గ్రామర్ రాదు" అని ముఖం వేలాడదీసింది. తప్పుల్ని విడగొట్టి చూస్తే కథ వేరే ఉంది. వ్యాకరణంలో తప్పులు మూడే. పర్యాయపదాల్లో నాలుగు. మిగతా ఏడూ పేరా చదివి జవాబు చెప్పే ప్రశ్నల్లోనే.

వాటిలో ఒక పేరా జనపనార మీద. గిరాకీ ఎందుకు తగ్గిందని ప్రశ్న. పేరాలో ప్లాస్టిక్ సంచుల మాట తప్ప మరో కారణం లేదు. ఇదేమో మిల్లులు మూతపడటం అని పెట్టింది. వాళ్ల తాతగారు జనపనార మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేశారు. లాకౌట్ల కథలు వింటూ పెరిగిన పిల్ల మరొకటి ఎలా పెడుతుంది? తన జవాబులో అబద్ధమేమీ లేదు. పేరాలో లేదు, అంతే. మూడు ప్రశ్నల వ్యాకరణం కోసం నెలంతా కూర్చుని, ఏడు ప్రశ్నల చదువును గాలికి వదిలేయబోయాం.

పదకొండింటికి మా విజయనగరం గంటస్తంభం దగ్గరి వీధిలో కొట్టుకు వెళ్లాం. సీయూఈటీకి ఇంగ్లిష్ పుస్తకం అనగానే యజమాని బల్ల మీద ఒకదాని మీద ఒకటి పేర్చేశాడు. "ఏదైనా ఒకటే మేడమ్. ఇదైతే ఎక్కువ పోతోంది" అని అన్నిటికంటే లావుగా ఉన్నదాన్ని ముందుకు తోశాడు. బరువు చూస్తేనే పిల్లకు నమ్మకం కలిగింది. కిలో లెక్కన కొంటున్నామా అనిపించి నాకు నవ్వొచ్చింది.

లావు పుస్తకం వెనక జవాబుల పుటలు తీశాను. ఒకటి బి, రెండు డి, మూడు ఎ. అంతే, వరసగా అక్షరాలు. బి ఎందుకు ఒప్పో లేదు, సి ఎందుకు తప్పో అసలే లేదు. మా బడిలో ఏ పిల్లవాడైనా ఇలా జవాబు రాస్తే పక్కవాడి పేపరు చూశావా అని అడుగుతాను. పక్కన పెట్టాం.

రెండోది పాతది, సగం ధరకు ఇస్తానన్నాడు. అట్ట చినగలేదు, లోపల పెన్సిలు గీతలు కూడా లేవు, ఎవరో కొని తెరవలేదు కాబోలు. కొనేద్దామనే అనుకున్నాను. మొదటి పుటలో పరీక్ష విధానం చదివి అమ్మాయే ఆగింది: 50 ప్రశ్నల్లో 40 రాస్తే చాలు, 45 నిమిషాలు. అది మారిపోయింది కదమ్మా అంది. నిజమే, 2025 నుంచి యాభైకి యాభై రాయాల్సిందే. పది ప్రశ్నలు వదిలేసే వీలుందని అలవాటు పడిన చెయ్యి పరీక్ష రోజున ఏమైపోవాలి? వ్యాకరణం పాతబడదుగా అని యజమాని వాదన. వ్యాకరణం పాతబడదు, గడియారం పాతబడుతుంది.

మూడోది సన్నగా ఉంది. నేను ఎప్పుడూ పరీక్షించే చోటు తీశాను: సిన్స్, ఫర్. మనకు "సోమవారం నుంచి" అన్నా, "రెండేళ్ల నుంచి" అన్నా ఒకే "నుంచి" సరిపోతుంది. ఇంగ్లిష్‌లో మొదలైన రోజు చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్. మన పిల్లలందరూ జారేది ఇక్కడే. ఆ పుస్తకంలో ఒక్కో ప్రశ్న కింద నాలుగు జవాబులకూ నాలుగు వాక్యాల వివరణ ఉంది. మరో పుట తిప్పితే "వన్ ఆఫ్ ది బాయ్స్" తర్వాత ఏకవచన క్రియ ఎందుకో ఉంది. అది చదువుతుంటే నాకే ఒకటి తట్టింది. "అబ్బాయిల్లో ఒకడు వచ్చాడు" అన్నప్పుడు మనకు క్రియ పక్కనే "ఒకడు" ఉంటాడు, తప్పే అవకాశం లేదు. ఇంగ్లిష్‌లో క్రియ పక్కన అబ్బాయిలందరూ గుంపుగా నిలబడి కళ్లకు అడ్డం పడతారు. కొట్లో నిలబడే ఇది పిల్లకు చెప్పాను. "ఇంగ్లిష్ నువ్వే చెప్పొచ్చు కదా" అంది. యజమాని కూడా విన్నాడు. సిగ్గుపడ్డాను గానీ, ఆ మాట ఇంటికొచ్చే దాకా మనసులో తిరుగుతూనే ఉంది.

మూడోదే కొన్నాం. అందులోనూ పేరాలు తక్కువే. వాటికి ఇంకో పుస్తకం వద్దనుకున్నాం. పరీక్ష పెట్టే సంస్థ వెబ్‌సైట్‌లో పాత ప్రశ్నపత్రాలు ఉచితంగా దొరుకుతాయి, బడి లైబ్రరీకి ఇంగ్లిష్ పేపరు వస్తుంది. మూడు వందల మాటల ముక్క చదవటానికి అంతకంటే ఏం కావాలి?

తిరిగి వస్తూ అయ్యకోనేరు గట్టు మీద కాసేపు కూర్చున్నాం. వేరుశనక్కాయలు ఒలుస్తూ గిడుగు రామమూర్తి గారి సంగతి చెప్పాను. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, మా ఊళ్లోనే మహారాజావారి బడిలో గురజాడతో కలిసి చదివినవారు. తర్వాత పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర మాట్లాడే మనిషిని దగ్గర పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. నేర్చుకోవటానికి ఒక్క పుస్తకమైనా లేదు, ఆ భాషకు వ్యాకరణం ఆయనే రాశారు. అమ్మాయి శ్రద్ధగానే విని, "ఆయనకు నెగటివ్ మార్కులు లేవు కదా" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

సాయంత్రం పాత క్యాలెండర్ కాగితంతో పుస్తకానికి అట్ట వేసుకుంది. మడత దగ్గర నేను పట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. తొమ్మిదింటికి ఇంగ్లిష్ పేపర్లో చెరువుల మీద వచ్చిన వ్యాసం పట్టుకొచ్చి, ఒక పేరా నన్ను చదవమంది. తడబడుతూ చదివాను. "ఇప్పుడు చెప్పు, చెరువుల్లో నీళ్లు ఎందుకు తగ్గాయంటున్నాడు?"

"పూడిక తియ్యకపోవటం, గట్ల మీద ఆక్రమణలు" అన్నాను టక్కున. మా పెద్ద చెరువు కళ్ల ముందు కదిలింది.

"పూడిక ఉంది. ఆక్రమణలు ఎక్కడున్నాయమ్మా?"

కళ్లజోడు సర్దుకుని మళ్లీ మొదటి వాక్యం నుంచి చదివాను. రెండుసార్లు. ఎక్కడా లేవు.