నాగార్జునకొండ మీద శూన్యవాదం

విజయపురి సౌత్ రేవులో టికెట్ తీసుకునేటప్పుడే తిరుగు లాంచీ ఎన్నింటికో అడిగి పెట్టుకున్నాను. కొండ మీద దొరికే వ్యవధి తక్కువ. అది మ్యూజియంలోనే కరిగిపోతే స్తూపాల దగ్గర నిలబడే తీరిక ఉండదు. అందుకే దిగగానే స్తూపాల వైపు నడిచాను. శుక్రవారం వెళ్తే ఎలాగూ మ్యూజియానికి సెలవు.

ఇక్కడ దొరికిన, ఈ లోయను ఏలిన ఇక్ష్వాకు రాజుల కాలపు శాసనాల్లో శూన్యవాదం చెప్పిన బౌద్ధ తత్త్వవేత్త ఆచార్య నాగార్జునుడి పేరు లేదు. ఆయన ఇక్కడ ఉన్నాడన్నది తర్వాతి కాలపు సంప్రదాయం. ఆయనది సుమారు క్రీ.శ. 2వ శతాబ్దం, ఈ కట్టడాలు ఎక్కువగా 3, 4 శతాబ్దాలవి. అయినా ఆయన వాదం బోధపడటానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

కారణం స్తూపాల లోపలి కట్టుబడి. చాలావాటి పునాది ప్లాను బండిచక్రమే: నడుమ నాభి, దాని నుంచి చక్రపు ఆకుల్లా సాగే ఇటుక గోడలు, చుట్టూ వలయం. కొన్నింటి నాభిలో స్వస్తిక. గోడల మధ్య గళ్లలో మట్టి నింపి, పైన గుమ్మటం లేపేవారు. గోడలు లేకపోతే మట్టి జారిపోతుంది, మట్టి లేకపోతే గుమ్మటానికి ఆకారమే రాదు. మరి స్తూపం ఎక్కడుంది? ఇటుకలో లేదు, మట్టిలో లేదు, ఈ రెండూ కాని మూడోచోటా లేదు. అయినా తరాలపాటు జనం దానికి ప్రదక్షిణ చేశారు.

వస్తువులకు స్వభావం, అంటే సొంత ఉనికి, లేదని నాగార్జునుడు అన్నది ఈ అర్థంలోనే. ఏదీ తనంతట తాను నిలవదు, కారణాల మీదా భాగాల మీదా ఆధారపడుతుంది. ఈ ఆధారపడటాన్నే, అంటే ప్రతీత్యసముత్పాదాన్నే, శూన్యత అంటున్నామని తన ముఖ్య గ్రంథం మూలమధ్యమకకారిక 24వ ప్రకరణంలో సూటిగా చెప్పాడు.

చాలామంది జారేది ఇక్కడే. శూన్యం అనగానే ఏమీ లేదనుకుంటారు. అప్పుడు కర్మ, ఫలం, బుద్ధుడు చెప్పిన ఆర్యసత్యాలు అన్నీ కొట్టుకుపోతాయి. ఆ ప్రకరణం మొదలయ్యేదే ప్రతివాది వేసే ఈ ఆక్షేపణతో. నాగార్జునుడు దాన్ని తిప్పికొడతాడు: మారని స్వభావం ఉందంటేనే చిక్కు, అప్పుడు ఏదీ పుట్టదు, దుఃఖమూ తీరదు. శూన్యతను తప్పుగా గ్రహించడం పామును తప్పుగా పట్టుకోవడమేనని హెచ్చరిస్తాడు కూడా. శూన్యతనే ఒక మూలపదార్థంగా ఊహించుకోవడం మరో పొరపాటు, ఇది మరీ మొండిది. శూన్యతను పట్టుకుని వేలాడేవాళ్లకు చికిత్స లేదని 13వ ప్రకరణంలో అన్నాడు.

ఈ కట్టడాలు 1954-60 మధ్య లోయలో తవ్వి తీసి, సాగర్ నీళ్లు ముంచెత్తకముందే తరలించి కొండ మీద మళ్లీ కట్టినవి. పాతవేనా, వేరా? రెండు జవాబులకూ నాగార్జునుడు ఒప్పుకోడు.

అనుపులో తిరిగి కట్టిన విహారం, రంగస్థలం సాగర్ కుడిగట్టునే ఉన్నాయి, లాంచీ అక్కర్లేదు, రోడ్డు మీదే వెళ్లొచ్చు. మూలమధ్యమకకారిక చదవాలనుకునేవాళ్లు మాత్రం 24వ ప్రకరణంతో మొదలుపెట్టండి. నడకను పరీక్షించే 2వ ప్రకరణం తర్కం బిగువైనది, దాన్ని తర్వాతకు ఉంచుకోండి.