సంకల్పం చెప్పుకోమంటే మోకాలికి వార్నింగ్ ఇచ్చేదాన్ని

యోగా మొదలుపెట్టే ముందు కళ్ళు మూసుకుని ఒక సంకల్పం చెప్పుకోండి అంటారు కదా, నాకు చాలారోజులు ఆ టైంలో గుర్తొచ్చేవి రెండే రెండు, నడుం తగ్గాలి, పద్మాసనం పడాలి. ఎడమ మోకాలేమో నేలకి జానెడు ఎత్తున గాల్లో ఉండేది, నేను దాన్ని అరచేత్తో కిందికి నొక్కుతూ మనసులో ఇవి చెప్పుకునేదాన్ని. సంకల్పం ఏముందిలెండి అందులో, మోకాలికి వార్నింగ్ ఇవ్వడమే అది.

తర్వాతెప్పుడో గీత ఆరో అధ్యాయం చదువుతూ రెండో శ్లోకం దగ్గర ఆగిపోయా. "న హ్యసంన్యస్తసంకల్పో యోగీ భవతి కశ్చన". సంకల్పం వదలనివాడు ఎవడూ యోగి కాలేడట! ఇదేంటి స్వామీ, క్లాసులో పెట్టుకోమంటున్నారు, నువ్వేమో వదిలెయ్యమంటున్నావు? 24వ శ్లోకంలో కూడా "సంకల్పప్రభవాన్ కామాన్", అంటే కోరికలు పుట్టేదే సంకల్పంలోంచి అంటాడు. శంకరుల భాష్యం చూస్తే అక్కడ వదలమన్నది ఫలం మీద పెట్టుకున్న సంకల్పాన్ని అని ఉంది. అర్థమైనట్టే ఉంది కానీ మ్యాట్ మీద కూర్చుని ఏం చెప్పుకోవాలో మాత్రం తేలలేదు.

తేలింది పూజలో. ఎన్నేళ్ళుగానో వింటున్న సంకల్పమే. ఆచమనం, ప్రాణాయామం అయ్యాకే సంకల్పం వస్తుంది, గమనించారా, అక్కడా ముందు ఊపిరే. ఇంకా ఏ కోరికా నోట్లోంచి రాకముందే "శ్రీ పరమేశ్వర ప్రీత్యర్థం" అనేస్తాం, ఎవరి కోసమో ముందే తేలిపోయింది. ఆ తర్వాత శ్వేతవరాహకల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే ప్రథమపాదే అంటూ అంత పైనుంచి మొదలై సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం దాకా మెట్లు దిగినట్టు దిగొస్తాం. చిన్నప్పుడు ఇదెప్పుడైపోతుందా ప్రసాదం ఎప్పుడు పెడతారా అని చూసేదాన్ని, ఇప్పుడు నాకు బాగా నచ్చేది ఈ ముక్కే. అంత కాలంలో నాకు దొరికింది ఈ ఒక్క పొద్దున, ఇక్కడ, ఈ పేరుతో, ఈ గోత్రంతో. ఆయురారోగ్య ఐశ్వర్యాలు అడగడం కూడా ఉంటుంది లెండి, మనం మనుషులం. కానీ వాక్యం ముగిసేది ఏ క్రియతో? "కరిష్యే". చేస్తాను అని. పొందుతాను అని కాదు. ఇంత చిన్న మాట ఇన్నేళ్ళు చెవిలో పడుతున్నా ఎక్కలేదు నాకు.

శుక్ల యజుర్వేదం 34వ అధ్యాయం మొదట్లో శివసంకల్ప మంత్రాలు ఆరున్నాయి, ప్రతిదీ "తన్మే మనః శివసంకల్పమస్తు" అనే ముగుస్తుంది, నా మనసు మంచి సంకల్పం కలది అగుగాక అని. మెలకువలో ఉన్నప్పుడు దూరంగా వెళ్ళిపోయేది, నిద్రలో కూడా అలాగే వెళ్ళేది అని మొదటి మంత్రంలోనే మనసు గుట్టు బయటపెట్టేశారు. నాది మరీ అంత దూరం కూడా పోదు, పక్కన బోర్లా పెట్టిన ఫోన్ దాకా వెళ్ళొస్తుంది. ఆరో మంత్రంలో మంచి సారథి పగ్గాలతో గుర్రాల్ని నడిపినట్టు మనసు మనుషుల్ని నడుపుతుంది అంటారు, కట్టేస్తుందని లేదు చూడండి, నడుపుతుందనే.

ఇప్పుడు నేను చెప్పుకునేది చాలా చిన్నది. ఈ అరగంట కూర్చుంటాను, ఊపిరి చూస్తాను, ఇది నీకు. అంతే. మధ్యలో మర్చిపోతే మళ్ళీ అదే చెప్పుకుంటా, ఒక్కోరోజు నాలుగైదు సార్లు కూడా అవుతుంది. ఎడమ మోకాలు ఇంకా నేలకి ఆనలేదు, దానికింద మడతపెట్టిన టవల్ ఒకటి పెడుతున్నా.