జూరాల గేట్ల కింద
వరద వచ్చినప్పుడల్లా జనం కృష్ణా నది మీది జూరాల డ్యామ్ గేట్ల నుంచి దూకే నీటిని చూడడానికి వెళతారు, నా చూపు మాత్రం ఆ గేట్లను ఎత్తే ఇనుప తాళ్ల మీదే నిలుస్తుంది. గ్రీజు ఆరిపోతే తాడు లోపలి పోగులు కంటికి కనిపించకుండానే తుప్పు పట్టవచ్చు కనుక, పైకి బాగానే కనిపించే తాడు కూడా బరువు పడిన వేళ తెగిపోవచ్చు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయిన సంగతి ఇక్కడ ఎవరూ మరువలేదు.

234 మెగావాట్ల జల విద్యుత్ కేంద్రం ఉన్న జూరాలలో మరో ప్రమాదం కూడా ఉంది. టర్బైన్లు తిరగడం మొదలైతే చినుకు పడకుండానే దిగువన నీరు పెరుగుతుంది. ఏటి మధ్య బండల మీద వల సర్దుకుంటున్న జాలరికి, గొర్లను దాటిస్తున్న కాపరికి అప్పుడు సైరనే దిక్కు. 2021 నాటి డ్యామ్ భద్రతా చట్టం వానాకాలానికి ముందూ తరువాతా తనిఖీలను తప్పనిసరి చేసింది. ఆ నివేదికలను తెలుగులో, దిగువ గ్రామ పంచాయతీల గోడలపై అంటించాలని నేను కోరుతున్నాను.