నెమలి మడతల్లో పోయింది: స్కార్ఫ్ పని ఎంతవరకొచ్చిందంటే

నేను కంప్యూటర్‌లో గీసి గుడ్డ మీద ప్రింటు వేయించిన మొదటి స్కార్ఫ్ కొరియర్‌లో వచ్చింది. మంచం మీద పరిస్తే ఇంట్లో అందరూ బాగుందన్నారు. నడిమధ్యలో పెద్ద నెమలి, చుట్టూ సన్నటి అంచు. త్రికోణంగా మడిచి మెడకు చుట్టుకున్నాక అవ్వ అడిగింది: "నెమలి యాడ పోయిందే?"

నిజమే. మూడు వారాల సాయంత్రాలు కూర్చొని గీసిన నెమలి తోకతో సహా మడతల్లో మునిగిపోయింది. బయటికి కనిపిస్తున్నది అరగంటలో అయిందనిపించిన అంచు, ఒక మూల. అంతే.

ధర్మవరంలో మా మామ పట్టుచీరలకు గ్రాఫ్, అంటే నేతకు గళ్ల కాగితం మీద డిజైన్, గీస్తాడు. ఫొటో పంపితే నవ్వాడు. "చీరలో పనంతా అంచులోనూ కొంగులోనే కదా పాపా ఉండేది. కుచ్చిళ్లలోకి పోయే చోట నెమలిని ఎవురన్నా పెడతారా?" ఈ మాట గీయకముందే అడిగుంటే ఒక ప్రింటు డబ్బులు మిగిలేవి.

సరే, ఈసారి అంచుతోనే మొదలు. ఆదివారం అనంతపురంలో హిందూపురం బస్సెక్కి, అక్కడ మారి లేపాక్షి గుడికి వెళ్లాను. జనమంతా వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి లాగుతుంటే, లతా మండపంలో నేనొక్కదాన్నే. స్తంభాల మీద చెక్కిన తీగలూ పూలూ గళ్లూ చూస్తే చీర అంచులు విప్పి ఆరేసినట్టుంటాయి. ఫోన్ రాతికి ఎదురుగా నిటారుగా పట్టుకొని, నాలుగడుగులు వెనక్కి జరిగి జూమ్ చేసి తీయండి. దగ్గరికెళ్లి తీస్తే గళ్లు ఉబ్బుతాయి. ఏటవాలు ఎండ ఉన్నప్పుడే చెక్కడం లోతు తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం తీసినవన్నీ నేను పారేశాను.

గీయడానికి క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను, ఉచితం. డబ్ల్యూ కీ నొక్కితే ఒకే గడి నాలుగు వైపులా పునరావృతమై కనిపిస్తుంది, తీగ ఎక్కడ అతకలేదో అప్పటికప్పుడే దొరికిపోతుంది. అసలు తిప్పలు లెక్కతో వచ్చింది. స్కార్ఫ్ 90 సెంటీమీటర్లు, 150 డీపీఐ, అంటే అంగుళానికి 150 పిక్సెళ్లు. రెండు మూలలకు 9 సెంటీమీటర్ల చొప్పున పోతే మధ్యలో 72, ఒక్కో పువ్వుకు 6 సెంటీమీటర్లు, అంటే సరిగ్గా 12 పూలు. కాగితం మీద చక్కగా ఉంది. కానీ 6 సెంటీమీటర్లంటే 354.33 పిక్సెళ్లు. ఆ చిల్లరతో పేర్చితే గడికీ గడికీ నడుమ వెంట్రుకంత తెల్లగీత వస్తోంది. అందుకే సెంటీమీటర్లను పక్కనపెట్టి పువ్వు 354, మూల 532 అని ఖాయం చేశాను. మొత్తం 5312 పిక్సెళ్లు, 90కి అర మిల్లీమీటరు తక్కువ. మెడలో ఎవరూ కొలవరు.

పీకో (అంచు చుట్టి వేసే కుట్టు) కోసం ఒక్కో పక్క ఇంకో 59 పిక్సెళ్లు నేల రంగు పొడిగించాను. మొదటిదానికి ఇది చేయక, బయటి గీత కుట్టులోకి పోయింది. ఇంకొకటి: అంచును మూల దగ్గర 90 డిగ్రీలు తిప్పాలి. అద్దంలోలా తిరగేస్తే రెండు తీగలు పొట్టేళ్లలా ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి.

గుడ్డ సంగతి. కప్పుల మీద ఫొటోలు వేసే షాపులో అడిగితే, ఆ సబ్లిమేషన్ ముద్ర పాలిస్టర్‌కే పడుతుందన్నాడు. నూలుకు రియాక్టివ్ రంగులు, పట్టుకు యాసిడ్ రంగులు. ఆ ముద్రలు ఆవిరి పట్టి ఉతికాకే నిలబడతాయి. నాకు మల్మల్, అంటే పల్చటి నూలుగుడ్డ, కావాలి కాబట్టి రియాక్టివ్‌కే పంపాను. మల్మల్‌లో రెండు చిక్కులు. వెనక వైపు రంగు వెలిసినట్టు ఉంటుంది, మడిచినప్పుడు అదే పైకి రావచ్చు. రంగు కాస్త పాకుతుంది కూడా, రెండు పిక్సెళ్ల గీతలు కనిపించకుండా పోయాయి. ఇప్పుడు ఆరు పిక్సెళ్లకు, అంటే ఒక మిల్లీమీటరుకు, తక్కువ గీత గీయడం లేదు.

రంగులు తెరను నమ్మి పంపకండి. నెమలి కంఠం రంగనుకున్నది గుడ్డ మీద తడిసిన పలకలా వచ్చింది. ఈసారి రెండు సెంటీమీటర్ల గళ్లలో 40 రంగులు ముందు ఒక ముక్క మీద వేయించి, ఉతికి, పగటి వెలుగులో చూసి ఏడు ఎంచుకున్నాను. తెర మీద అవన్నీ కాస్త వెలవెలబోతున్నట్టే ఉన్నాయి, ఉండనీ.

రెండోది నిన్న వచ్చింది. మధ్యలో ఏమీ లేదు, ఒట్టి ఇటుకపొడి రంగు. మడిచి చుట్టుకుంటే తీగ మెడ చుట్టూ తిరిగి మూల సరిగ్గా ఎద మీదికొచ్చి ఆగింది. ఒక మూలలో పువ్వు రేకు తెగింది, అది నా తప్పే, క్రిటాలో పొర (లేయర్) ఒకటి మూయడం మరిచాను.

అవ్వ చేతిలోకి తీసుకొని మూల తడిమి, "పొడుగుంటే నేనూ కప్పుకొందును" అంది. రాత్రి లెక్క వేశాను: పొడవు పక్క 30 పూలు, రెండు మూలలు, 198 సెంటీమీటర్లు. పొడవే 11,684 పిక్సెళ్లవుతోంది. ఎనిమిది జీబీ ల్యాప్‌టాప్‌లో పొరలన్నీ కలిపేశాకే తెరుచుకుంటుందేమో.